ఐసీయూ డయాలసిస్ చార్టులో రోగి మాటకూ ఒక గడి ఉండాలి

ఐసీయూలో కిడ్నీలు దెబ్బతిన్నవారికి డయాలసిస్ ముందే మొదలుపెట్టాలా, కొంత ఆగాలా? 2020లో వెలువడిన స్టార్ట్-ఏకేఐ అధ్యయనం దాదాపు మూడు వేల మందిలో ఇదే పరిశీలించింది. ఎలా చేసినా 90 రోజుల్లో చనిపోయినవారు 44 శాతం దగ్గరే ఉన్నారు. బతికి బయటపడ్డవాళ్ళు మెషీన్ పక్కన ఆ గంటలు ఎలా గడిపారన్నది మాత్రం ఇలాంటి లెక్కలకు అందదు. రోగి మాటను ఓదార్పు కోసం వినడం వేరు, చికిత్స కోసం వినడం వేరు. మనకు కావలసింది రెండోది.

60 కిలోల మనిషి ఒంట్లోంచి డయాలసిస్‌లో నాలుగు గంటల్లో 3 లీటర్ల నీరు తీస్తే గంటకు 750 మి.లీ., అంటే కిలోకు 12.5 మి.లీ. అవుతుంది. కిలోకు గంటకు 13 మి.లీ. దాటొద్దన్న హద్దుకు అది అంచునే ఉంటుంది. ఇన్‌ఫెక్షన్ ముదిరిన రోగికి అంతకన్నా తక్కువ తీసినా బీపీ పడిపోవచ్చు. బీపీ పట్టీ పావుగంటకోసారి కొలుస్తుంది. ఆ మధ్యలోనే వరసగా ఆవలింతలు వస్తాయి, పిక్కలు పట్టేస్తాయి, కళ్ళు బైర్లు కమ్ముతాయి. రోగి ఆ మాట చెబితే, అది విన్న టెక్నీషియన్ వెంటనే నీరు తీయడం ఆపి, కాళ్ళు ఎత్తి పెట్టి, అవసరమైతే 100–200 మి.లీ. సెలైన్ ఎక్కించి డాక్టర్‌ను పిలవగలడు.

చలి సంగతీ అంతే. బీపీ నిలబడటానికి డయాలసిస్ ద్రవాన్ని 35–36 డిగ్రీలకు తగ్గిస్తారు, అది సరైన పనే. అయితే నెమ్మదిగా 6 నుంచి 12 గంటలు సాగే స్లెడ్ అనే డయాలసిస్‌లో రోగి అంతసేపూ వణకాల్సి వస్తుంది. రక్తం పారే పైపు కనబడేలా దుప్పటి కప్పడానికి ఖర్చేమీ లేదు. నాలుక పిడచకట్టుకుపోతున్నా నీళ్ళు ఇవ్వలేని రోగికి తడి గాజుగుడ్డతో నోరు తుడవాలి. మెడలో కాథెటర్ (డయాలసిస్ పైపు) ఉన్నవాళ్ళు మెషీన్ అలారానికి భయపడి కొయ్యబారి పడుకుంటారు. తల తిప్పినప్పుడు పైపు మొన రక్తనాళం గోడకు ఆనుకుంటే అలారం మోగుతుందని ముందే చెబితే ఆ భయం చాలావరకు తగ్గుతుంది.

అన్నిటికన్నా బాధపెట్టేది ఫిస్టులా (డయాలసిస్ కోసం చేతిలో ధమనిని సిరతో కలిపి చేసిన దారి) ఉన్న చెయ్యి విషయం. ఏళ్ళుగా డయాలసిస్ మీదున్న రోగి స్పృహలో ఉంటే "సిస్టర్, ఆ చేతికి సూది వద్దు" అని తానే అంటాడు. మత్తులో ఉంటే అనలేడు. ఆ చేతికే బీపీ పట్టీ కట్టినా, సూది గుచ్చినా, అసలే బీపీ తక్కువగా ఉన్నప్పుడు ఫిస్టులాలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. అది మూసుకుపోతే ఇంటికెళ్ళాక వారానికి మూడుసార్లు డయాలసిస్ దేనిమీద చేస్తారు? మంచం తలవైపు 'ఎడమ చెయ్యి వాడవద్దు' అని కాగితం అంటించాలి. ప్రతి షిఫ్టులోనూ ఫిస్టులా మీద వేళ్ళు ఆనించి అదురు తెలుస్తోందో లేదో చూడాలి.

కిడ్నీ రోగుల జీవన నాణ్యతను కొలిచే కేడీక్యూఓఎల్-36 లాంటి ప్రశ్నావళులు గత నాలుగు వారాల సంగతి అడుగుతాయి, ఐసీయూకి అవి పనికిరావు. గంటకోసారి ఐదు మాటలు అడిగితే చాలు: నొప్పి, దాహం, చలి, ఆయాసం, భయం. వెంటిలేటర్ మీదున్నవాళ్ళను తెలుగు బొమ్మల పలకతో, అవునంటే చెయ్యి నొక్కమని అడగవచ్చు. జవాబును బీపీ గడి పక్కనే రాయాలి. వార్డుకు మారాక మరోసారి అడగాలి, ఎందుకంటే మత్తులో జరిగినవి అప్పటికి కలగాపులగంగా గుర్తుంటాయి. రోగి బదులు ఇంట్లోవాళ్ళు జవాబిస్తే, చెప్పింది వాళ్ళేనని విడిగా రాయాలి.