ఒక డిగ్రీ ఒరిగిన స్విమ్మింగ్ పూల్ గారికి

పెరట్లో ప్లాస్టిక్ గుడ్డతో, ఇనుప గొట్టాల కాళ్లతో వెలసిన మహారాజశ్రీ స్విమ్మింగ్ పూల్ గారి దివ్య సముఖానికి, నిన్న మధ్యాహ్నమంతా ఎండలో నిలబడి మిమ్మల్ని ఖాళీ చేసినవాడు నమస్కరించి రాయునది ఏమనగా,

ఉభయకుశలోపరి. నిజానికి ఉభయుల్లో ఎవరూ కుశలంగా లేరు. మీ కాళ్లు మూడు మట్టిలో దిగబడ్డాయి, నా నడుము పట్టేసింది.

మీ అట్టపెట్టె మీద ‘30 నిమిషాల్లో సిద్ధం’ అని ఉంది. ఆ 30 నిమిషాల్లో మేం గొట్టాలు బయటికి తీసి, ఏది దేనికి తగిలించాలో గొడవపడ్డాం. నేల చదును చేయడం ఆ లెక్కలోకి రాదని కింద చీమ తలకాయంత అక్షరాల్లో రాశారు. సరే, పోనివ్వండి.

మా పెరడు చదునుగానే ఉంటుందని ఇన్నేళ్లూ నమ్మాను. కుర్చీ వేసుకున్నా, మంచం వేసుకున్నా ఎప్పుడూ తేడా తెలియలేదు. మీరు వస్తున్నారని చెక్క మీద ఫోన్ పెట్టి చూస్తే ఒక డిగ్రీ వాలు చూపించింది. ఒక్క డిగ్రీయే కదా, జ్వరమైతే మాత్ర కూడా వేసుకోం అనుకున్నాను. మీ వెడల్పు నాలుగున్నర మీటర్లు. అంత దూరానికి ఒక డిగ్రీ అంటే దాదాపు 8 సెంటీమీటర్లు. ఈ లెక్క నేను వేసుకున్నది నీళ్లు నింపాక.

నింపడానికి 16 గంటలు పట్టింది. పసిబిడ్డ ఉన్న ఇంట్లోలా రాత్రి రెండుసార్లు లేచి టార్చి వేసి చూసుకున్నాను. తెల్లారి చూస్తే ఒక పక్క నీళ్లు అంచు దాకా వచ్చేశాయి, ఎదురుపక్క గోడ ఇంకా పొడిగా బయటికి కనిపిస్తోంది. నీళ్లు ఒరగవు కదా, ఒరిగింది మీరే. అప్పటి నుంచి ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ మిమ్మల్ని చూడగానే చేసే మొదటి పని తల కాస్త ఎడమకు వంచడం. నోటితో ఎవరూ ఏమీ అనరు. అదే ఇంకా మంట.

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. మా పెరట్లో పల్లం ఎక్కడుందో తెలుసుకోవడానికి నాకు 14,000 లీటర్లు ఖర్చయ్యాయి.

మొదటిసారి ఖాళీ చేసినప్పుడు పల్లం వైపు ఇసుక పోశాను. అలా పోయకూడదు, ఎత్తు వైపే తవ్వాలి అని తెలుసు. కానీ తవ్వడం కష్టం, పోయడం తేలిక. లీటరు నీళ్లు కిలో బరువు కాబట్టి మొత్తం 14 టన్నులు వచ్చి నా ఇసుక మీద కూర్చున్నాయి. ఇసుక బుద్ధిగా పక్కలకు జారుకుంది. మీ కాళ్లు దిగబడ్డాయి, లోతెక్కువైన వైపు ఒత్తిడీ ఎక్కువే కాబట్టి ఆ గోడ పొట్టలా ఉబ్బింది. ఏ రాత్రి తెగి నీళ్లన్నీ మా గుమ్మంలోకి వస్తాయోనని వారం రోజులు ఒకటే టెన్షన్.

ఈ మధ్యలో మీ వైద్యం వేరే. నీళ్ల పులుపు ఎంతో చెప్పే పీహెచ్ 7.2కి తగ్గకూడదు, 7.8 దాటకూడదు. రోజూ రంగు కాగితాలు ముంచి చూడటమే, మా ఇంట్లో షుగర్ కూడా ఎవరూ ఇంత శ్రద్ధగా చూసుకోలేదు. క్లోరిన్ ఎండకు విరిగిపోతుందని, దాన్ని కాపాడే స్టెబిలైజర్ అనే మందు వేయాలట. అది ఎక్కువైతే క్లోరిన్ పని మందగిస్తుందట. తగ్గించాలంటే? నీళ్లు తీసేసి కొత్తవి పట్టాలట! ఘాటు వాసన వస్తుంటే క్లోరిన్ ఎక్కువైందని మురిసిపోయాను. తీరా చూస్తే అది చెమటతోనూ, పిల్లలు ఒప్పుకోని ఇంకోదానితోనూ కలిసిన క్లోరిన్ వాసనట. రెండు రోజులు పంపు ఆపితే పచ్చగా పాకుడు. ఫిల్టర్ గురించి అసలు మాట్లాడను.

అన్నీ భరించాను. కానీ ఆ ఒక్క డిగ్రీ! నువ్వేమైనా కట్టడమా, కోటా? ప్లాస్టిక్ గుడ్డ, నాలుగు గొట్టాలు. అంత సుకుమారం దేనికి? మేమంతా వంకర నేల మీదే బతకడం లేదూ? కాస్త సర్దుకుంటే నీ సొమ్మేం పోయింది?

క్షమించాలి, మాట తూలింది.

నిన్న రెండోసారి ఖాళీ చేస్తుంటే ఆఖరికి మిగిలిన బెత్తెడు నీళ్లన్నీ పల్లం వైపు చేరాయి. పిల్లలు పొడి వైపు నుంచి పరుగెత్తుకొచ్చి ఆ నీళ్లలో బోర్లా పడి జారడం మొదలుపెట్టారు. మీరు నిండుగా ఉన్న రోజుల్లో పది నిమిషాలకే చలి అంటూ బయటికొచ్చినవాళ్లు నిన్న చీకటి పడే దాకా రాలేదు. నేను కూడా వెళ్లి ఆ పల్లంలో కూర్చున్నాను. చల్లగా ఉంది. ఈ మాట ఇంట్లో ఎవరికీ చెప్పొద్దు.

రేపు ఎత్తు వైపు తవ్వుతాను. గడ్డపార అరువు తెచ్చాను, తాపీమేస్త్రీ వాడే రసమట్టం ఒకటి కొన్నాను. ఫోన్ మాత్రం ఇంట్లోనే ఉంటుంది.

ఇట్లు,
తల కాస్త ఎడమకు వంచి,
తమ విధేయుడు