పాత మోటార్లతో కొత్త రాకెట్: లెక్క ఎక్కడ తప్పుతుంది?

తన పాత రాకెట్ పీఎస్‌ఎల్‌వీ మొదటి దశ మోటారునే నడుమ నిలబెట్టి, చుట్టూ నాలుగు ద్రవ ఇంధన వికాస్ ఇంజిన్ బూస్టర్లు కట్టి ఇస్రో జీఎస్‌ఎల్‌వీ రాకెట్‌ను చేసింది. 2001లో ఎగిరింది. కానీ ఆ కూర్పులో ఓ విడ్డూరం ఉంది. నడిమి ఘన ఇంధన మోటారు సుమారు 100 సెకన్లకే కాలిపోతుంది. పక్క బూస్టర్లు దాదాపు 150 సెకన్లు మండుతాయి. మామూలుగా పక్కవి ముందు ఖాళీ అయి రాలిపోవాలి. ఇక్కడ అవి నడిమి మోటారుకే బిగించి ఉన్నాయి కాబట్టి, పాతిక టన్నులు దాటిన ఖాళీ ఉక్కు గొట్టాన్ని మరో 50 సెకన్లు మోయక తప్పదు. మిర్యాలగూడ మిల్లర్లకు ఇది కొత్త సంగతేం కాదు: బియ్యం రంగు చూసి ఏరే సార్టెక్స్ యంత్రం ఎంత ఖరీదైనది పెట్టినా, గంటకెన్ని బస్తాలో తేల్చేది వెనకున్న, గింజల్ని పైకెత్తే పాత ఎలివేటరే.

మరి కొత్త మోటారే చేసుకోవచ్చు కదా? మా ఉమ్మడి నల్లగొండలోనే, యాదగిరిగుట్ట పక్కన పెద్దకందుకూరులో క్షిపణులకు ఘన ఇంధనం తయారవుతుంది. పోతపోసి గట్టిపడ్డాక దాన్ని మార్చే వీల్లేదు. సైజు మారిస్తే కొత్త గొట్టం, కొత్త అచ్చు, మళ్లీ నేలమీద మండించి చూడటం. ఏళ్లు పడుతుంది. అందుకే ఇస్రోను నేను తప్పుపట్టను. పైగా ఫ్రాన్స్ వైకింగ్ నుంచి పుట్టిన ఆ వికాస్ పీఎస్‌ఎల్‌వీ రెండో దశలోనూ ఉంది, ఇస్రో పెద్ద రాకెట్ ఎల్‌వీఎం3 నడిమి దశలో జంటగానూ ఉంది. ఇప్పటికీ తయారవుతోంది, ఎగురుతోంది.

గోదాంలో మిగిలిన సరుకు సంగతి వేరు. సోవియట్ చంద్ర రాకెట్ కోసం చేసి, దశాబ్దాలు మూలపడ్డ ఎన్‌కే-33 ఇంజిన్లకు మెరుగులు దిద్ది అమెరికాలో యాంటారిస్ రాకెట్‌కు బిగించారు. 2014 అక్టోబర్ 28న వర్జీనియాలో లేచిన కొన్ని సెకన్లకే అది పేలింది.

నాసా చంద్ర రాకెట్ ఎస్‌ఎల్‌ఎస్‌ది ఇంకో తంతు. పాత స్పేస్ షటిల్ సామానుతో త్వరగా అయిపోతుందన్నారు. 2016 చివరికల్లా సిద్ధం కావాల్సింది 2022 నవంబర్‌లో ఎగిరింది. మళ్లీ మళ్లీ వాడటానికి చేసిన షటిల్ ఇంజిన్లు ఒక్క ప్రయాణంతో సముద్రం పాలు. అక్కడ కాపాడింది ఇంజిన్లను కాదు, కాంట్రాక్టులను అనే నా అనుమానం.

30 టన్నుల బరువును కక్ష్యకు మోసే ఇస్రో కొత్త తరం రాకెట్‌కు 2024 సెప్టెంబర్‌లో కేంద్రం 8,240 కోట్లు మంజూరు చేసింది. దాని మొదటి దశ తిరిగొచ్చి మళ్లీ ఎగరాలి. అందులోకి పాత మోటార్లను ఈడ్చుకురావద్దు. ఎల్‌వీఎం3లో మాత్రం ఘన బూస్టర్లను అలాగే ఉంచి, నడిమి దశను కిరోసిన్‌ను ద్రవ ఆక్సిజన్‌తో మండించే సెమీ క్రయో ఇంజిన్‌తో మార్చే పని నడుస్తోంది. డబ్బు, మనుషులు చాలకపోతే ముందు ఈ సెమీ క్రయో పనికే ఇవ్వాలి.