పాటల చెరువుకు నీరుగంటిని

చెరువు పేరు మీద వెలిసిన ఊరు మాది. విజయనగర రాజుల కాలంలో అనంతసాగరం తవ్వారు, దాని పేరే అనంతపురానికి వచ్చింది. అప్పట్లో చెరువుకొక నీరుగంటి ఉండేవాడు. ఏ మడికి ఎంతసేపు నీళ్లు వదలాలి, తూము ఎప్పుడు మూయాలి అన్నదంతా ఆయన చేతిలోని పని. అందుకు ఊరు ఆయనకు మాన్యం రాసిచ్చేది, పంట నూర్చినప్పుడు కళ్లంలో ధాన్యంలో పాలు, అంటే వాటా, కొలిచేది. మాన్యాలు పోయాయి, నీరుగంటి పోయాడని అందరూ అనుకుంటున్నారు. పోలేదు. సాయినగర్‌లో ఒక మేడ మీది గదిలో, పాత కంప్యూటర్ ముందు కూర్చుని, మెమరీ కార్డుల్లోకి పాటలు వదులుతున్నాడు. ఆ అభాగ్యుణ్ని నేనే.

మా బంధువర్గంలో మొదట కంప్యూటర్ కొన్నవాణ్ని కావడం నేను చేసిన నేరం. ఆ తర్వాత అందరి ఇళ్లలోకీ స్మార్ట్‌ఫోన్లు వచ్చాయి, పాటలు గాల్లోంచే దిగుతున్నాయి. అయినా ట్రాక్టర్‌కూ ఆటోకూ అవ్వగారి బటన్ల ఫోన్‌కూ ఆ గాలి తగలదు. వాటికి చిప్పు కావాలి. 2004లో ట్రాన్స్‌ఫ్లాష్ అనే పేరుతో పుట్టి, మరుసటి ఏడాదికి మైక్రో ఎస్‌డీగా పేరు మార్చుకున్న ఆ 15 మిల్లీమీటర్ల ముక్కను మా జిల్లాలో చిప్పు అనే అంటారు. దాన్ని పాత రూపాయి నోటు మడతలో చుట్టి, ఆ నోటును చొక్కా లోపలి జేబులో పెట్టుకుని తెస్తారు. పట్టాదారు పాసుపుస్తకాన్ని కూడా ఇంత భద్రంగా తేవడం నేను చూడలేదు.

పోయిన నెల ఉరవకొండ వైపు నుంచి మా చిన్నాయన వచ్చాడు. గుమ్మంలోనే మడత విప్పాడు.

"ఏమప్పా, ఇంటికాడే ఉండావా? ట్రాక్టర్‌కు పాటలు ఎక్కియ్యాల."

"ఎన్ని కావాల చిన్నాయనా?"

"పట్టినన్ని."

ఈ ఒక్క మాట మీద పెద్ద చర్చ జరగాలి. పట్టినన్ని! ఐదు నిమిషాల పాట, మామూలు 128 కేబీపీఎస్ నాణ్యతలో, సుమారు 4.8 ఎంబీ ఉంటుంది. 8 జీబీ చిప్పులో 1,600 పైచిలుకు పడతాయి. తిండీ నిద్రా మాని వరుసగా విన్నా ఐదున్నర రోజులకు పైమాటే. మా చిన్నాయన ట్రాక్టర్ ఇంజన్ మోతలో ఆయన కేకే ఆయనకు వినపడదు. కానీ కాలువకు నీళ్లు వదిలిన రోజున చెరువు నింపుకునేవాణ్ని ఎన్ని బిందెలు తాగుతావని అడుగుతామా? ముందు నిండాలి. తాగేది తర్వాత.

చిప్పును కంప్యూటర్‌లో పెట్టగానే మొదటి గొడవ. 8 జీబీ అని రాసి ఉన్న చిప్పు తెర మీద 7.4 చూపించింది. చిన్నాయన కళ్లజోడు సర్దుకున్నాడు.

"ఎనిమిదన్యాడే అంగడాయన? తక్కిందేడ పాయ?"

నేను ఉపన్యాసం ఎత్తుకున్నాను. తయారుచేసేవాళ్లు జీబీకి వంద కోట్ల బైట్ల చొప్పున 800 కోట్లు లెక్కగట్టి 8 అంటారు. కంప్యూటర్ వెయ్యి బదులు 1,024తో హెచ్చవేస్తుంది కాబట్టి దాని జీబీ 107 కోట్ల చిల్లర. భాగిస్తే 7.45 వస్తుంది. ఎవరూ ఎత్తుకుపోలేదు, కొలపాత్రలు వేరు, అంతే.

ఆయన ఓపికగా విన్నాడు. "అదేం ల్యాదులేప్పా, పూడిక" అన్నాడు. తుంగభద్ర డ్యాం కట్టినప్పుడు 133 టీఎంసీలు, పూడిక చేరి చేరి ఇప్పుడు 105. కాగితం మీద హెచ్చెల్సీకి, అంటే డ్యాం నుంచి మా జిల్లాకొచ్చే ఎగువ కాలువకు, 32.5 టీఎంసీలు, కాలువలోకి ఎన్ని వస్తాయో సలహా మండలి కూర్చుని లేచేదాకా తెలియదు. రాసిందాని కంటే తక్కువ రావడానికి ఈ జిల్లావాడికి 1,024తో పనేముంది? నా లెక్క కంటే ఆయన లెక్కే బాగుందని ఒప్పుకోక తప్పలేదు.

రెండో గొడవ అడాప్టర్ దగ్గర వచ్చింది. చిప్పును పెద్ద కార్డులాంటి తొడుగులో పెట్టి దూరిస్తే, రాయడానికి వీల్లేదని కంప్యూటర్ మొండికేసింది. తీశాం, ఊదాం, చొక్కా అంచుతో తుడిచాం, మళ్లీ పెట్టాం. మొత్తానికి రెండో తరగతి చదివే మా పాప వచ్చి, తొడుగు పక్కనున్న చిన్న ప్లాస్టిక్ మీటను గోటితో పైకి జరిపింది. తూము మూసిపెట్టి కాలువలో నీళ్లు లేవని ధర్నా చేసిన పెద్దమనుషుల్లా ఇద్దరం మొహాలు చూసుకున్నాం.

కాపీ మొదలైంది. మిగిలిన సమయం 12 నిమిషాలు అంది. ఉగ్గాని బజ్జీ వచ్చేసరికి 2 గంటలు అంది. బజ్జీ కొరికేసరికి 40 సెకన్లు అంది, ఆ 40 సెకన్లలో మేం కాఫీలు కూడా తాగాం. తప్పు దానిది కాదు. ఆ క్షణాన ఉన్న వేగాన్ని బట్టి ముందున్నదంతా అంచనా కడుతుంది. ఒక మంచి వాన చూసి చెనిక్కాయ వేసే రైతు కట్టే లెక్కా అదే.

ఆ తర్వాత చిప్పు తీసే పద్ధతి ఒకటుంది. దీని మీద నేను రాజీపడను. మన ఇళ్లలో ఎవరూ "పోతా" అనరు, "పోయొస్తా" అంటారు. చిప్పూ అంతే, చెప్పి పోవాలి. కాపీ అయిపోయిందని తెర మీద కనిపించినా, చివరి పాటల్లో కొంత భాగం ఇంకా కంప్యూటర్ నోట్లోనే ఉండొచ్చు. సురక్షితంగా తీసే బొత్తాం నొక్కితే అది మింగకుండా పూర్తిగా అప్పజెప్పి, పద్దు రాసి, ఇక తీసుకో అంటుంది. మా బావమరిది ఒకడు చెప్పకుండా లాగేసుకుని వెళ్లాడు. ధర్మవరం దాటకముందే ఫోన్: "బావా, ఫార్మాట్ చేయమంటాందే?" మర్యాద తప్పినవాళ్లకు అలాగే అవుతుంది.

పద్దు అన్నాను కాబట్టి మా అవ్వ సంగతి చెప్పాలి. ఆమె ఫోన్‌లో 2 జీబీ చిప్పు. నూరు పాటలు ఎక్కించానో లేదో ఇక పట్టవంది. చూస్తే ముప్పాతిక భాగం ఖాళీ. రెండు రోజులు టెన్షన్ పడ్డాక అర్థమైంది. ఆ పాత చిప్పుల్లో బయటి పద్దు పుస్తకానికి 512 గీతలే ఉంటాయి. పాట పేరు పొడుగైతే 13 అక్షరాలకొక గీత చొప్పున తింటుంది. మన పాటలకు సినిమా పేరు, హీరో పేరు, ఎవడి సైటు నుంచి దిగిందో వాడి పేరు, అన్నీ కలిపి తోక తగిలించి ఉంటారు. అలాంటి పాట ఒక్కోటి ఐదు గీతలు మింగేస్తే నూరింటికే పుస్తకం నిండింది. నేల ఖాళీగానే ఉంది, రాసుకోవడానికి చోటు లేక పట్టా రాలేదు. ఒక ఫోల్డర్ తెరిచి అందులో వేస్తే ఆ హద్దు లేదు. ఇది కనుక్కున్నందుకు అవ్వ నాకు నాలుగు బొరుగుల ఉండలు పంపింది. నా వృత్తి జీవితంలో అందిన అత్యున్నత పురస్కారం అదే.

ఇక్కడ చట్టం మాట కూడా చెప్పుకోవాలి. 1957 నాటి కాపీరైటు చట్టం 63వ సెక్షన్ ప్రకారం, పాటల్ని తెలిసీ అక్రమంగా కాపీ చేసి అమ్మితే మూడేళ్ల దాకా జైలు. ఇరవై రూపాయలకు చిప్పు నింపే అంగళ్ల సంగతి నాకు తెలియదు. నేను ఎక్కించేవన్నీ మేం డబ్బులిచ్చి కొన్న సీడీల్లోవి. ఈ వాక్యం రాయమన్నది మా ఆవిడ.

సరే, చిన్నాయన వెళ్లాడు. నాలుగో రోజు ఫోన్ చేశాడు.

"ఏందప్పా ఇది? పొద్దున ఐటం పాట, సందేళా ఐటం పాట! సుప్రభాతం రానే ల్యాదు. దుక్కి దున్నేటోళ్లంతా నగుతాండారు."

తప్పు నాదే. ట్రాక్టర్లలోనూ ఆటోల్లోనూ ఉండే చవక ప్లేయర్లు చాలావరకు అక్షర క్రమం చూడవు. ఏది ముందు కాపీ అయితే అదే ముందు పాడతాయి. కాలువ మొదట్లో ఉన్నవాడికి ముందు, చివరి ఆయకట్టువాడికి రాత్రికి. దేవుడు చివరి ఆయకట్టులో పడ్డాడు. పైగా తాళం తిప్పిన ప్రతిసారీ ఆ ప్లేయర్ ఆగినచోటు మరిచిపోయి మళ్లీ మొదటికొస్తుంది. రోజుకు పదిసార్లు ఆపి ఎక్కే ట్రాక్టర్‌లో 1,600 పాటలున్నా మోగేది మొదటి ఐదారే.

రెండోసారి ఎంతో శ్రద్ధగా చేశాను. ఫార్మాట్ కొట్టాను. చిప్పు పనిచేస్తోందో లేదో చూడటానికి చేతికందిన ఒక చిన్న ఫైలు వేసి మోగించాను. మోగింది. తర్వాత సుప్రభాతం, అన్నమయ్య, ఘంటసాల పద్యాలు, ఆ వెనక జానపదాలు, చివర తక్కినవి. ఒక్కొక్క ఫోల్డర్ వరుస తప్పకుండా కాపీ చేశాను. బొత్తాం నొక్కి, పోయొస్తానని చెప్పించి మరీ తీశాను. పాత రూపాయి నోటులో చుట్టి పంపాను.

ఆ సంతృప్తిలోనే ఈ వ్యాసం మొదలుపెట్టాను. నీరుగంటి మాన్యాన్ని పునరుద్ధరించాలని, ఇంటికొక పాటల నీరుగంటిని గుర్తించి చిప్పుకు ఇంతని పాలు కొలవాలని సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇద్దామనుకున్నాను. అది సాంస్కృతిక శాఖకు రాయాలా, నీటిపారుదలకు రాయాలా అని తేల్చుకునేలోపు చిన్నాయన మనిషి ఒక మూట చెనిక్కాయలు దించిపోయాడు. వెనకే ఫోన్.

"బాగుందప్పా ఈ తూరి. శానా బాగుంది."

"సుప్రభాతం ముందొస్తాందా?"

"అది రెండోది. ముందు పాప చెప్తుంది గదా."

ఏ పాప అని అడగబోయి ఆగిపోయాను. చిప్పు పరీక్షకు నేను వేసిన ఫైలు మా పాప చదివిన రెండో ఎక్కం. తీసేయడం మరిచాను. తాళం తిప్పిన ప్రతిసారీ ట్రాక్టర్ ముందుగా రెండొకట్ల రెండు అంటోంది.

"కూలోళ్లందరికీ నోటికొచ్చేసింది. రెండు పదుల ఇరవై దాకా అందరూ ఒక్కటే గొంతు" అన్నాడు చిన్నాయన. "వచ్చే ఆదివారం చిప్పు పంపిస్తా. మూడో ఎక్కం ఎక్కియ్యి."