మూడు కిలోల కుక్కకు బర్రెల మందు పోయకండి

వానాకాలం ముదిరే కొద్దీ నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ వంటి మన పట్టణాల్లో పొమేరియన్, పగ్ జాతుల చిన్న కుక్కలను పెంచుకునే ఇళ్లలో ఎగిరే పేల బెడద మొదలవుతుంది. మందుల దుకాణంలో ఫ్లీ అంటే ఈ పురుగే. కుక్క రాత్రంతా గోక్కుంటుంది, తోక మొదట్లో వెంట్రుకలు ఊడిపోతాయి, ఇంట్లో పిల్లల మడమల చుట్టూ, పిక్కల మీద ఎర్రటి దద్దులు లేస్తాయి, ఇక ఇంటి పెద్ద ఎరువుల దుకాణానికో పశువుల మందుల దుకాణానికో వెళ్లి ఒక సీసా పట్టుకొస్తాడు. నా అభ్యంతరమంతా ఆ సీసా మీదనే. పేల వల్ల చచ్చిపోయిన పెద్ద కుక్కను నేను చూడలేదు కానీ, పేల మందు వల్ల నురగలు కక్కిన చిన్న కుక్కల గురించి మా వీధిలోనే విన్నాను.

ఆ సీసాలో సాధారణంగా రెండింటిలో ఒకటి ఉంటుంది. మొదటిది బర్రెలకు, గొర్రెలకు గోమార్లు పోవడానికి నీళ్లలో కలిపి పూసే అమిట్రాజ్, డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ వంటి మందు. రెండోది పత్తి చేనుకు కొట్టగా మిగిలిన పురుగుమందు. గొర్రెల మందలు, పత్తి చేన్లు దండిగా ఉన్న ప్రాంతం మనది కాబట్టి ఈ రెండూ ఎప్పుడూ చేతికందే దూరంలోనే ఉంటాయి. పైగా, బర్రెకు పనిచేసిన మందు కుక్కకు పనిచేయదా అనే ప్రశ్నకు ఎదురు చెప్పేవారు ఆ సమయంలో ఇంట్లో ఎవరూ ఉండరు.

ఎదురు చెప్పవలసిన మాట మాత్రం చాలా తేలికైనది. అమిట్రాజ్ గోమార్ల మీద, గజ్జి పురుగుల మీద పనిచేస్తుంది; ఎగిరే పేల మీద దానికి నమ్మదగిన ప్రభావం లేదు. అంటే, ఒంటికి అంటుకొని ఉబ్బే గోమారికీ, వెంట్రుకల మధ్య పరుగెత్తి దూకే పేనుకూ తేడా చూడకుండా, అసలు పనిచేయని మందును మనం కుక్కకు పూస్తున్నాం. ఆ మందు పేనును చంపకపోయినా కుక్క మీద మాత్రం పనిచేస్తుంది: గుండె వేగం తగ్గుతుంది, ఒళ్లు చల్లబడుతుంది, మత్తు కమ్మినట్టు పడిపోతుంది, రక్తంలో చక్కెర పెరుగుతుంది. మార్కెట్లో దొరికే 12.5 శాతం ద్రావణాన్ని లీటరు నీటికి కొన్ని మిల్లీలీటర్ల చొప్పున మాత్రమే కలపాలి, మన ఇళ్లలో దాని కొలత సీసా మూత. నాలుగైదు వందల కిలోల బర్రెకు మూతెడు మందు ఎక్కువైనా తట్టుకుంటుందేమో. మూడు కిలోల పొమేరియన్‌కు ఆ వెసులుబాటు లేదు.

చేనుకు కొట్టే మందు గురించి ఎక్కువ చెప్పవలసిన పని లేదు. క్లోర్‌పైరిఫాస్, మోనోక్రోటోఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్ల వల్ల మనుషులు దవాఖాన పాలైన సంఘటనలు ప్రతి పత్తి సీజనులో మన జిల్లాల్లో వింటూనే ఉంటాం. మనిషి తన చర్మానికి తగలకూడదని చేతికి కవరు కట్టుకొని కొట్టే మందును, ఒళ్లంతా నాకి శుభ్రం చేసుకునే అలవాటున్న జంతువుకు తల నుంచి తోక దాకా పూయడంలో ఏ తర్కం ఉందో నాకు ఇప్పటికీ అంతుచిక్కదు. అటక మీద పాత గమాక్సిన్ పొడి డబ్బా ఇంకా దాచుకున్నవారు కూడా ఉన్నారు. 1997లోనే మన దేశం నిషేధించిన ఆ పొడిని కుక్క పడుకునే గోనె మీద చల్లడం ఏ విధంగానూ సమర్థించదగినది కాదు.

చిన్న కుక్క విషయంలో ఇంత జాగ్రత్త ఎందుకంటే దాని శరీరం లెక్కే వేరు. బరువుతో పోలిస్తే దాని చర్మం వైశాల్యం ఎక్కువ కాబట్టి, ఒంటికి పూసిన మందు కిలోకు ఇంత అని చూసుకుంటే పెద్ద కుక్క కంటే ఎక్కువగా లోపలికి చేరుతుంది. దాని రక్తం కూడా కిలోకు సుమారు 80 నుంచి 90 మిల్లీలీటర్లే; మూడు కిలోల కుక్కలో ఉండేది పావు లీటరు మాత్రమే. అందుకే పేలను పట్టించుకోకుండా వదిలేయమని నేను అనడం లేదు. నెలల పిల్లకు పేలు విపరీతంగా పడితే రక్తం తగ్గిపోయి చిగుళ్లు తెల్లబడతాయి, ప్రాణం మీదికి కూడా వస్తుంది. వైద్యం తప్పనిసరి, కానీ అది దాని బరువును చూసి చేసిన వైద్యమై ఉండాలి.

అసలు పొరపాటు ఇంతకంటే లోతుగా ఉంది. మనం పేలన్నీ కుక్క మీదనే ఉన్నాయని అనుకుంటాం. నిజానికి ఒక ఇంట్లోని పేల సంతతిని మొత్తంగా లెక్కిస్తే కుక్క ఒంటి మీద కనిపించే పెద్ద పురుగులు దాదాపు ఐదు శాతమే. మిగిలినదంతా గుడ్లు, లార్వాలు అనే పిల్ల పురుగులు, గూటిలో ఉన్న పురుగుల రూపంలో ఇంట్లోనే ఉంటుంది. ఆడ పేను రోజుకు 40 నుంచి 50 గుడ్ల వరకు పెట్టగలదు. ఆ గుడ్లు వెంట్రుకలకు అంటుకోవు, కుక్క ఎక్కడ పడుకుంటే అక్కడ, ఎక్కడ ఒళ్లు విదిలిస్తే అక్కడ రాలిపోతాయి. గుడ్ల నుంచి బయటికి వచ్చిన లార్వాలు వెలుతురుకు దూరంగా పోతాయి, పెద్ద పేలు విసర్జించిన ఎండు రక్తపు నలుసులను తిని బతుకుతాయి. మన ఇళ్లలో పరిచిన షాబాదు బండల మధ్య సందులు, నులక మంచం అల్లిక, మడిచి మూలన పెట్టిన బొంతలు, సోఫా అడుగు భాగం, మెట్ల కింద పేర్చిన గోనె సంచులు వాటికి దొరికిన చక్కని నివాసాలు.

లార్వా ఎదిగి తన చుట్టూ గూడు కట్టుకున్న దశ మరీ మొండిది. ఆ గూటికి దుమ్ము అంటుకొని కంటికి కనిపించదు, ఇంట్లో కొట్టే మందు లోపలికి చొరబడదు. లోపలి పురుగు నెలల తరబడి కదలకుండా ఉండి, అడుగుల అదురు, ఒంటి వేడి, ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ తగలగానే బయటికి వస్తుంది. దసరాకు, బతుకమ్మకు ఇంటికి తాళం వేసి ఊరికి వెళ్లి వచ్చినవారు తలుపు తీసి లోపల అడుగు పెట్టగానే కాళ్లకు పేలు ఎక్కడం వెనుక ఉన్న కారణం ఇదే. పక్కింటివారి మీద అనుమానపడవలసిన అవసరం లేదు.

ఇది తెలియకపోవడం వల్లనే చిన్న కుక్కల ప్రాణాల మీదికి వస్తోందని నా గట్టి అభిప్రాయం. సరైన మందు వేసిన పది రోజులకు మళ్లీ పేలు కనిపిస్తాయి, అవి గూళ్ల నుంచి అప్పుడే వచ్చిన కొత్త పేలు, మందు తగిలి అవి కూడా చస్తాయి. కానీ ఇంట్లోవారు మందు పనిచేయలేదని తీర్మానించుకొని, నెల గడవకముందే రెండోసారి వేస్తారు, ఆపైన అంతకంటే ఘాటైనది తెస్తారు, దాని మీద మందు షాంపూతో స్నానం కూడా చేయిస్తారు. నేలలో ఉన్న శత్రువు కోసం కుక్క ఒంటి మీద మందు పెంచుకుంటూ పోతే తగ్గేది పేలు కావు. బాగా పట్టిన ఇల్లు శుభ్రపడడానికి రెండు మూడు నెలలు పట్టడం మామూలే. ఆ ఓపిక లేనివారు కుక్కను పెంచుకోకపోవడమే మంచిదని అనడానికి నాకు మొహమాటం లేదు.

ముందు కుక్కను తూకం వేయాలి. ఇంట్లో బరువు చూసే మిషను మీద కుక్కను ఎత్తుకొని నిలబడి, తర్వాత ఒంటరిగా నిలబడి, తేడా తీస్తే సరిపోతుంది. మిషను లేకపోతే కిరాణా దుకాణంలో అడిగితే కాదనరు. మెడ మీద వేసే ఫిప్రోనిల్ చుక్కల మందు బరువును బట్టి వేర్వేరు గొట్టాల్లో వస్తుంది: పది కిలోల లోపు కుక్కకు 0.67 మిల్లీలీటర్లు, 20 నుంచి 40 కిలోల కుక్కకు 2.68 మిల్లీలీటర్లు. పెద్ద గొట్టం కొని రెండు మూడు చిన్న కుక్కలకు కంటి అంచనాతో పంచేవారు ఒకదానికి ఎక్కువ, ఒకదానికి తక్కువ వేసి, కలిసివచ్చిన నాలుగు డబ్బుల కోసం రెండింటికీ అన్యాయం చేస్తున్నారు. ఆ మందును వెంట్రుకలు పాయ తీసి, నాలుక అందని మెడ వెనుక, చర్మానికి తగిలేలా వేయాలి. అంతకు రెండు రోజుల ముందు, తర్వాత రెండు రోజులు స్నానం చేయించకూడదు. ఎనిమిది వారాలు నిండని పిల్లకు ఈ చుక్కలు వేయకుండా, సన్నపళ్ల దువ్వెనతో దువ్వుతూ పేలను సబ్బు నీళ్లలో ముంచి, ఏ మందు తగినదో పశువైద్యుణ్ణి అడగాలి.

నోటితో తినిపించే అఫాక్సోలానర్, ఫ్లూరలానర్ మాత్రలు పేల మీద బాగా పనిచేస్తాయి, చిన్న కుక్కల బరువుకు తగిన పరిమాణాల్లోనూ దొరుకుతాయి. అయితే ఈ కోవకు చెందిన మందుల వల్ల కొన్ని కుక్కలకు వణుకు, మూర్ఛ రావచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించింది కాబట్టి, గతంలో ఫిట్స్ వచ్చిన కుక్క అయితే ఆ సంగతి వైద్యుడికి ముందే చెప్పాలి. ఊళ్లలో కొందరు గొర్రెలకు వేసే ఐవర్‌మెక్టిన్ సూదినే కుక్కకు కూడా వేస్తుంటారు. అది పేలకు నమ్మదగిన మందు కాదు, కోలీ వంటి కొన్ని జాతులకు ప్రమాదకరం కూడా. ఇక కిరోసిన్, ఫినాయిలు, కర్పూరం ఉండలు, వెల్లుల్లి ముద్ద వంటి చిట్కాల గురించి ఒకే మాట: కుక్క చర్మాన్ని కాల్చేవో, నాకితే విషమయ్యేవో తప్ప వీటిలో పేల సమస్యను తీర్చేది ఒక్కటీ లేదు.

అసలైన పని ఇంట్లో ఉంది, అది చేతులకు నొప్పి పుట్టించే పని, బహుశా అందుకే అందరూ సీసా వైపు చూస్తారు. కుక్క పడుకునే గుడ్డలను, బొంతలను వారానికి ఒకసారి మరిగే నీళ్లలో నానబెట్టి ఉతికి, మిట్టమధ్యాహ్నపు ఎండలో ఆరవేయాలి. లార్వాలు తేమ లేకపోతే బతకలేవు, వేసవిలో మన పాలమూరు ఎండకు నిలవలేవు. ఎండ మనకు ఖర్చు లేని మందు, వానాకాలంలో మాత్రం అది దొరకదు. వాక్యూమ్ క్లీనర్ ఉంటే బండల సందులు, సోఫా మూలలు రోజు విడిచి రోజు లాగి, ఆ దుమ్ము సంచిని వెంటనే ఇంటి బయట పారవేయాలి. చీపురుతో పొడిగా ఊడిస్తే గుడ్లు గది అంతా చెదురుతాయి కనుక, తడి గుడ్డతో ఎత్తి, సందుల్లో సబ్బు కలిపిన వేడి నీళ్లు పోసి బ్రష్‌తో రుద్దడం మేలు. విరిగిన సందులను సిమెంటు పాలతో నింపించడానికి అయ్యే ఖర్చు రెండు సీసాల మందు కంటే ఎక్కువే కావచ్చు, కానీ అది ఒక్కసారి పెట్టే ఖర్చు.

ఇంట్లో మందు కొట్టించక తప్పదనుకుంటే, కొట్టేవారిని మందు పేరు అడగండి. పెద్ద పురుగును చంపే మందుతో పాటు మెథోప్రీన్ లేదా పైరిప్రాక్సిఫెన్ వంటి, గుడ్లు, లార్వాలు ఎదగకుండా ఆపేది కూడా ఉంటేనే ఫలితం నిలుస్తుంది. కొట్టిన చోటు పూర్తిగా ఆరే వరకు కుక్కా పిల్లలూ లోపలికి రాకూడదు, చేపల తొట్టిని, తాగునీటి బిందెలను మూసి ఉంచాలి. దోమలకు వేసే పొగ సందుల్లోకి దిగదు, దాని మీద ఆశ పెట్టుకోవద్దు. ఇంట్లో పిల్లి కూడా ఉంటే దానికీ దానికి తగిన మందు వేయించాలి, ఎందుకంటే ఒక్క జంతువును వదిలేసినా పేలు తిరిగి వస్తాయి. కానీ కుక్కకు వాడే పెర్మెత్రిన్ మందు పిల్లికి ప్రాణాంతకం. అలాంటి మందు వేసిన కుక్క పక్కన పిల్లిని పడుకోనివ్వడం కూడా ప్రమాదమే.

కుక్క మలంలో బియ్యపు గింజల్లాంటి ముక్కలు కనిపిస్తే, పేలను మింగడం వల్ల బద్దెపురుగు చేరిందని అర్థం. నేల మీద పాకే పసిపిల్లలు పొరపాటున పేనును మింగితే వారికీ అది రావచ్చు. కాబట్టి పేల వైద్యంతో పాటు నులిపురుగుల మందు గురించి కూడా వైద్యుడితో మాట్లాడాలి.

పశువుల దవాఖానకు చిన్న కుక్కను తీసుకెళ్తే, బర్రెలు వరుసలో ఉండగా ఇదేం షోకు అన్నట్టు చూసిన సందర్భాలు నాకు తెలుసు. ఆ చూపుకు వెనుదిరిగి సొంత వైద్యానికి దిగేవారే ఎక్కువ. అక్కడి సిబ్బంది మీద పని భారం ఎంతో నాకు తెలియనిది కాదు, అయినా కుక్కను తూకం వేసి సరైన మందు పేరు రాసివ్వడానికి ఐదు నిమిషాలకు మించి పట్టదు కదా.

ఇంత చెప్పినా ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు ఆ సీసా మందు పోస్తారు. పోసిన తర్వాత కుక్క చొంగ కార్చినా, వణికినా, తూలినా, కనుపాపలు చిన్నవైనా, ఊపిరి కష్టమైనా ఆలస్యం చేయవద్దు. అది స్పృహలో ఉంటే గోరువెచ్చని నీళ్లతో, గిన్నెలు తోమే సబ్బుతో ఒంటి మీది మందు కడిగి, తుడిచి, గుడ్డ చుట్టి దవాఖానకు తీసుకెళ్లండి. బలవంతంగా వాంతి చేయించవద్దు, పాలు, నూనె తాగించవద్దు. మందు సీసాను తప్పక వెంట పట్టుకెళ్లండి. ఆర్గానోఫాస్ఫేట్ విషానికి అట్రోపిన్ ప్రాణం నిలిపే విరుగుడు, అమిట్రాజ్ విషానికి అదే అట్రోపిన్ వేయకూడదు. ఏది పోశారో తెలియకపోతే వైద్యుడు లక్షణాలు చూసి ఊహించవలసిందే. మన దుకాణాల్లో పెద్ద డబ్బా నుంచి పాత నీళ్ల సీసాలోకి వంచి, పేరూ అట్టా లేకుండా అమ్మే మందును ఎంత తక్కువ ధరకు ఇచ్చినా కొనవద్దని నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.