పై అంతస్తు అద్దె ఇల్లు

ఒంగోలులో పై అంతస్తులో అద్దెకుండేవాళ్ల బాధ ఓనర్లకు ఎప్పుడు అర్థమవుతుందో! రోహిణి కార్తె ఎండ అందరికీ ఉన్నదే. అసలు నరకం పొద్దుగూకాక మొదలవుతుంది. పగలంతా కాగిన కాంక్రీటు స్లాబు ఆ వేడినంతా రాత్రి గదిలోకి వదులుతుంది. ఫ్యాను వేస్తే వడగాలి. రాత్రి పదింటికి కుళాయి తిప్పినా వేడినీళ్లే. చంటిదాని వీపంతా చెమటకాయలు, పక్క మీద వేస్తే చాలు ఏడుపు.

డాబా మీద సున్నం కొట్టిస్తే ఆ తెలుపు ఎండను చాలావరకు తిప్పికొడుతుంది, స్లాబు అంతగా కాగదు. ఖర్చు మేమే పెట్టుకుంటామన్నా ఓనరు ఒప్పుకోడు. "మేడంతా మరకలవుతుంది, ఏసీ పెట్టించుకోండి" అంటాడు. ఏసీ కొని, ఆ కరెంటు బిల్లు కట్టే జీతం మాకెక్కడిది? అద్దె మాత్రం ఏటా పెంచుతాడు. పసిపిల్ల నిద్ర కంటే డాబా మీద మరకలు ఎక్కువా?