తార్క్వీనియా మోల్జాకు ఒక్క వాక్యమేనా?

పదహారో శతాబ్దపు ఇటలీలోని ఫెరారా ఆస్థాన గాయనుల మీద మీ వ్యాసం హాయిగా చదివించింది. కానీ లారా పెవెరారా, అన్నా గ్వారీనీల గురించి అంత రాసి, తార్క్వీనియా మోల్జాను మాత్రం ‘మంచి గాయని’ అని ఒక్క ముక్కతో తేల్చేశారు. ఆవిడ పాట ఒక ఎత్తు, పాండిత్యం ఒక ఎత్తు. మోడెనాలో 1542లో పుట్టింది. లాటిన్, గ్రీకు, హీబ్రూ చదువుకుంది. తత్త్వవేత్త ఫ్రాంచెస్కో పాత్రీజీ తన గ్రంథంలో ఆవిడనే ఒక పాత్రగా పెట్టి ప్రేమతత్త్వం చెప్పించాడు. వయొలా అనే తీగల వాద్యం మీద కింది స్వరభాగం వాయిస్తూ, అదే సమయంలో గొంతుతో పైభాగం పాడేదట! చేయీ గొంతూ చెరో దారిలో నడవడమంటే మాటలా?

1583లో ఫెరారా పాలకుడు డ్యూక్ అల్ఫోన్సో కొలువుకు చేరింది. 1589లో స్వరకర్త జాకెస్ డి వెర్ట్‌తో ప్రేమ బయటపడగానే ఉద్వాసన. అప్పటికే భర్త పోయి పదేళ్లు. అయినా పెద్దింటి ఆవిడ జీతానికి పనిచేసే సంగీతకారుడిని ప్రేమించడమేంటని గొడవ! ఆ తర్వాత 1600లో రోమ్ సెనేట్ ఆవిడకు పౌరసత్వం ఇచ్చి గౌరవించింది. రెండో భాగం రాస్తే దయచేసి ఈవిడతోనే మొదలుపెట్టండి.