ఒంటరి అనడానికి రుజువేమిటి?

ఒంటరితనం ఇప్పుడు సర్కారీ వ్యవహారం. బ్రిటన్ 2018లో దానికో మంత్రిని పెట్టుకుంది. 2021లో జపాన్ కూడా పెట్టుకుంది. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో తేల్చింది. మా అపార్ట్‌మెంట్‌లో ఉన్నది 180 మంది. ఆ లెక్కన 30 మంది ఒంటరులు ఉండి తీరాలి. వాళ్లను వెతికి పట్టుకుని, క్రిస్మస్ నాడు సెల్లారులో ప్రేమ విందు పెట్టాలని కమిటీ తీర్మానించింది. ఆలోచన కార్యదర్శిగారిది. ఆయనది ఏ మతమన్నది అనవసరం, ఆయన బిరియానీ పక్షపాతి. ఉన్న రెండు క్రైస్తవ కుటుంబాలూ పండక్కి గుంటూరు వైపు సొంత ఊళ్లకు వెళ్లిపోయాయి కాబట్టి ఏర్పాట్లకు అడ్డు చెప్పేవారు కూడా లేరు.

పోయిన ఏడాది అనుభవం చేదుగా ఉంది. మూడో అంతస్తు నుంచి ఏడుగురున్న కుటుంబం ఒకటి, తామంతా ఒంటరులమేనంటూ దిగి మొదటి వరసలో కూర్చుంది. అందుకే ఈసారి దరఖాస్తు ఫారం పెట్టారు. పిల్లలు ఏ దేశంలో ఉన్నారు? ఎన్నాళ్లకోసారి ఫోను చేస్తారు? మీ తలుపు చివరిసారి ఎవరు తట్టారు? (కొరియర్ వాళ్లు లెక్కలోకి రారు.) ఫొటోలు రెండు జతపరచాలి.

204లోని లెక్కల మాస్టారు ఒక్క గడి కూడా వదలకుండా నింపారు. భార్య పోయి ఆరేళ్లు, కొడుకు డాలస్‌లో. నూటికి నూరు మార్కులు పడేవే. కానీ సరిగ్గా కమిటీ ముందు కూర్చున్నప్పుడే జేబులో ఫోను మోగింది. “నాన్నా, టిఫిను చేశావా?” సభ్యులు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. “వాడు నెలకోసారే చేస్తాడండీ, ఇవాళే ఎందుకు చేశాడో!” అని మాస్టారు మొత్తుకున్నారు. చివరికి షరతులతో మంజూరు చేశారు.

పోలండ్‌లో డిసెంబరు 24 రాత్రి భోజనాల బల్ల మీద ఒక పళ్లెం ఎక్కువ పెడతారు, అనుకోకుండా ఎవరైనా వస్తే వారికోసం. ఫారం లేదు, ఆధార్ లేదు, వచ్చినవాడు నిజంగా ఒంటరేనా అని విచారించే నాథుడు లేడు. ఇంత అజాగ్రత్త మనకు కుదరదు. ఇక సంఘ భోజనాల్లో కొందరు ముందే తినేస్తుంటే కొందరు ఆకలితో మిగిలిపోతున్నారని గ్రీసులోని కొరింథు క్రైస్తవ సంఘాన్ని అపొస్తలుడు పౌలు చీవాట్లు పెట్టి దాదాపు రెండు వేల ఏళ్లయింది. మా కమిటీ ఆ పాఠం గుర్తుపెట్టుకుంది. గొడవ లేకుండా ముందుగా తనే తినేసింది.

విందు ఘనంగా జరిగింది. ఫ్లెక్సీ మీద పదకొండు మంది సభ్యుల ముఖాలు, మూలన చిన్నగా బాల యేసు. మాస్టారికి ప్లేటు అందిస్తున్న ఫొటో సరిగ్గా రాలేదని మూడుసార్లు ఇచ్చి రెండుసార్లు వెనక్కి తీసుకున్నారు. ఆ ఇచ్చిపుచ్చుకోవడంలో బిరియానీ మీది గుడ్డు జారి సెల్లారు వాలులో దొర్లుకుంటూ స్కూటర్ల కిందికి పోయింది. దానికీ ఫొటో తీశారు.

గేటు దగ్గర వాచ్‌మన్ ఉన్నాడు. ఒడిశాలోని కంధమాల్ నుంచి వచ్చాడు, మెడలో చిన్న సిలువ. ఆ పూట ప్రాంగణం మొత్తంలో క్రిస్మస్ సొంత పండగైనవాడు అతనొక్కడే. ఫ్లాటు నంబరు లేనందువల్ల ఫారం ఇవ్వలేదు. పైగా డ్యూటీలో ఉన్నాడు.

మాస్టారు గుడ్డు లేని ప్లేటు పట్టుకుని అటు నడిచారు. సీసీ కెమెరాలో అంతా నమోదైంది. స్టూలు మీద మాస్టారు, మెట్టు మీద అతను, మధ్యలో ఒకే ప్లేటు. అతను ఫోనులో కూతురి ఫొటో చూపించాడు. మాస్టారు వేళ్లు మడిచి ఏదో లెక్క చెబుతున్నారు, బహుశా ఆ పిల్ల ఏ తరగతికి వచ్చి ఉంటుందో. నలభై నిమిషాలు. మధ్యలో రెండుసార్లు గట్టిగా నవ్వారు కూడా.

ఫోను మోగినప్పుడే తనకు అనుమానం వచ్చిందని కార్యదర్శిగారు అన్నారు. వచ్చే ఏడాది జాబితా నుంచి 204ను తొలగిస్తూ ఏకగ్రీవంగా తీర్మానించారు.